పదును

ముప్ఫై రెండేళ్ళ వయసులో నేను మళ్ళీ ఒకటో తరగతిలో చేరాను. చదువులో కాదు, ఆటలో. అదీ మన ఆట కాదు, బ్యాలే. అదీ మన దేశంలో కాదు, లండన్‌లో.

మా పల్లెలో ఈ మాట చెప్పినప్పుడు మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. "తొమ్మిదేళ్ళప్పటి నుంచి డప్పేసుకుని ఎగురుతున్నదానివి, నీకు ఒకటో తరగతేందమ్మే?" అన్నాడు మా చిన్నాయన. బ్యాలే అనే మాట మన తెలుగువాళ్ళకు కొత్తేం కాదు. కూచిపూడి నృత్య నాటకాన్ని కూడా పత్రికల్లో బ్యాలే అనే రాస్తారు. నేను చెప్పేది దాని గురించి కాదు. ఫ్రాన్సు రాజుల కొలువులో పెరిగిన ఆట గురించి. పద్నాలుగో లూయీ తనే వేషం కట్టి ఆడేవాడు. 1661లో ఆ ఆటకొక రాజ అకాడమీ పెట్టించాడు. అట్టాంటి ఆటతో మాదిగపల్లె పిల్లకేం పని? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఉద్యమంలో ఉన్నవాళ్ళే ఎక్కువ అడిగారు. జవాబు చెప్పాలంటే తోలు దగ్గర మొదలుపెట్టాలి.

మాది ప్రకాశం జిల్లా. కారంచేడు జరిగిన మరుసటేడు, 1986లో పుట్టాను. మా ముసలోళ్ళు పిల్లల వయసులు ఇప్పటికీ అట్టాగే లెక్కేస్తారు, కారంచేడుకు ముందు, కారంచేడు తర్వాత అని.

మా తాతది తోళ్ళ పని. గొడ్డు చచ్చిందని ఊళ్ళో నుంచి కబురొస్తే పోయి మోసుకొచ్చేవాడు. తోలు వొలిచి, సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క వేసిన తొట్టిలో ఊరేసేవాడు. ఆ కంపు మా పల్లె మీద ఎప్పుడూ ఉండేది. ఊరోళ్ళు ముక్కు మూసుకుని పోయేవాళ్ళు. ఆ తోలుతో కుట్టిన చెప్పులేసుకునే పోయేవాళ్ళు. నేను పక్కన కూచుని చూస్తుంటే తాత చెప్పేవాడు: "పచ్చితోలు కుళ్ళుద్ది. ఎండిన తోలు కర్రలాగా బిగుసుకుని ఇరుగుద్ది. పదునైన తోలే మాట వింటది. వంచితే వంగుద్ది, వదిలితే లేస్తది, తెగదు." పదును అనే మాట నేను మొదట విన్నది కత్తి గురించి కాదు, తోలు గురించి.

ఊళ్ళో పెద్దకులాల వీధి ఒకటుంది. మా తాత కుట్టిన చెప్పులు ఆ వీధిలో ప్రతి గడప ముందూ ఉండేవి. మా తాత చెప్పులు మాత్రం ఆ వీధిలో ఆయన చేతిలో ఉండేవి. అవ్వ నన్ను కూలి డబ్బులకోసం వెంటబెట్టుకు పోయేటప్పుడు వీధి మొదట్లోనే నా తలమీద చెయ్యి పెట్టి కిందికి నొక్కేది. "తల వంచుకుని నడువు. ఎవురి మొకమూ చూడబాక." కోపంతో కాదు, భయంతో. అట్టా నొక్కీ నొక్కీ నా మెడకు ఒక అలవాటు చేసింది. ఆ అలవాటు ఎంత లోతుగా దిగిందో నాకు పాతికేళ్ళ దాకా తెలియలేదు. దాన్ని కనిపెట్టింది అవ్వ పేరు కూడా తెలియని ఒక తెల్లామె. ఆ సంగతి తర్వాత చెప్తాను.

1994 జులై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలయ్యేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. అంతకుముందు డప్పు అంటే ఊరోళ్ళు చావుకో చాటింపుకో జాతరకో పిలిస్తే పోయి కొట్టేది. కొట్టినాక దూరంగా నిలబడి గిన్నె పట్టేది. మాకోసం మేం డప్పు కొట్టుకోవటం నేను చూసింది దండోరాలోనే. మా నాయన పేరు వెనకాల మాదిగ అని రాసుకున్నాడు. భుజానికి డప్పు తగిలించుకుని ఊరు మధ్య నుంచి, అదే వీధి మధ్య నుంచి, చెప్పులేసుకుని ఎగురుకుంటా పోయాడు. ఆ రోజు అవ్వ తలుపేసుకుని ఏడ్చింది, కొడుకును చంపేస్తారని.

ఆడది డప్పు ముట్టకూడదనే మాట మా పల్లెలో కూడా ఉండేది. మనం ఊరోళ్ళను అడిగే ప్రశ్నలు మన ఇంట్లో కూడా అడగాలి కదా. నాయన ఊరేగింపులకు పోయినప్పుడు ఇంట్లో మిగిలిన పాత డప్పును గడ్డిమంట మీద కాచుకుని నేను మోగించేదాన్ని. తొమ్మిదేళ్ళకే పెళ్ళి దరువు, చావు దరువు, జాతర దరువు చేతికొచ్చాయి. నాయన ఒకరోజు వాకిట్లో నిలబడి విని, ఏమీ అనకుండా లోపలికి పోయి, చిటికెన పుల్ల కొత్తది చెక్కి ఇచ్చాడు. ఆయన నాకిచ్చిన సర్టిఫికెట్ అదే.

ఏడో తరగతిలో ఉన్నప్పుడు మండల కేంద్రంలో ఒక ఇంటి వరండాలో కూచిపూడి నేర్పేవాళ్ళు. బడి వదిలాక నేను ప్రహరీ అవతల నిలబడి చూసేదాన్ని. అరమండిలో కూచుని పాదం తాటించటం, చెయ్యి ఎటుపోతే చూపు అటుపోవటం, నాకు భలే నచ్చేది. నాలుగు రోజులు చూసి ఐదో రోజు లోపలికి పోయి నేర్పమని అడిగాను. టీచరమ్మ మా పల్లె పేరు అడిగింది. చెప్పాను. తిట్టలేదు, కసురుకోలేదు. నవ్వుతానే అన్నది: "మీ ఆట మీకుంది కదమ్మా. నీ ఒళ్ళు దానికే బాగుంటది. ఇది చాలా లలితమైంది."

లలితం అనే మాట అప్పటి నుంచి నాకు పడదు. పెద్దయ్యాక చదువుకుంటే అర్థమైంది, ఎవరి ఒళ్ళు దేనికి పనికొస్తదో ముందే తీర్మానం చేసి పెట్టారని. కూచిపూడి భాగవతం చాలాకాలం బ్రాహ్మణ మగవాళ్ళ చేతిలోనే ఉంది, ఆడవేషాలు కూడా వాళ్ళే కట్టారు. కళావంతుల ఆడవాళ్ళు గుళ్ళో ఆడకుండా మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం తెచ్చారు. వాళ్ళు బతుకంతా సానబెట్టిన ఆట పెద్దింటి పిల్లలకు శాస్త్రీయమైంది, వాళ్ళకేమో చెడ్డపేరు మిగిలింది. ఆట పైకి పోతే శాస్త్రం, కిందుంటే గెంతులు. నేర్చుకుంటే వాళ్ళకు విద్య, మాకేమో పుట్టుకతో వచ్చింది. పుట్టుకతో వచ్చిందంటే పొగడ్త లాగా ఉంటది కానీ అందులో విషం ఉంది. పుట్టుకతో వస్తే మేం కష్టపడింది లేదనీ, ఇంకేం నేర్చుకోవాల్సింది లేదనీ, నేర్పాల్సిన పని ఎవరికీ లేదనీ అర్థం.

డిగ్రీలో ఉన్నప్పుడు మేం ఎనిమిదిమంది ఆడపిల్లలం డప్పు దళం కట్టాం. ధర్నాలు, అంబేద్కర్ జయంతులు, చుండూరు అమరుల దినాలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోయాం. డప్పు ఆట చూసినవాళ్ళకు తెలుసు. ఎడమ భుజానికి డప్పు వేలాడుతుంది, ఎడమచేతి పుల్ల సన్నగా ఎడతెగకుండా పలుకుతుంది, కుడిచేతి చిర్ర దెబ్బ వేస్తుంది. ఆ బరువు మోస్తానే వొంగాలి, తిరగాలి, ఎగరాలి. మా పెద్దలు మట్టిమీద ఎగిరారు. మట్టి కాస్త లొంగుద్ది. మేం తారు రోడ్ల మీద, సిమెంటు స్టేజీల మీద ఉత్తకాళ్ళతో ఎగిరాం. సిమెంటు లొంగదు. లొంగనిది అడుగున ఉంటే ఆ దెబ్బ మోకాలికి తగులుద్ది.

ఇరవై ఎనిమిదేళ్ళకు నా కుడి మోకాలు వాచటం మొదలైంది. మా దళంలో ఒక చెల్లెలు ఇరవై మూడేళ్ళకే ఆట మానేసింది. మెట్లు ఎక్కలేకపోయేది. డాక్టర్ల దగ్గరికి పోతే మాత్రలు రాసి, ఎగరటం మానెయ్యమన్నారు. మాకు సన్మానాలు చేసిన సభలు చాలా ఉన్నాయి, శాలువాలు ఇంట్లో ఉన్నాయి. మోకాలు ఎట్టా కాపాడుకోవాలో చెప్పిన సభ ఒక్కటీ లేదు. పుట్టుకతో వచ్చిన ఆట కదా, మోకాళ్ళు కూడా పుట్టుకతోనే గట్టివి అనుకున్నారేమో.

2018లో కేంద్ర ప్రభుత్వ విదేశీ ఉపకార వేతనం మీద పై చదువుకు లండన్ పోయాను. చలికి మోకాలు మరీ పట్టేసింది. యూనివర్సిటీవాళ్ళు పంపితే ఒక ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి పోయాను. ఆమె మాత్రలివ్వలేదు. ఎగరమన్నది. ఎగిరాను. మళ్ళీ ఎగరమన్నది. తర్వాత చెప్పింది: "నువ్వు ఎగరటం బాగుంది. దిగటం బాగాలేదు. మడమలు ముందు దబ్బున పడుతున్నాయి. మోకాళ్ళు లోపలికి కూలుతున్నాయి." ఇరవై మూడేళ్ళు ఎగిరాక ఒక మనిషి నాకు దిగటం రాదని చెప్పింది. కాళ్ళకు బలం వచ్చే కసరత్తులు చూపించి, పెద్దవాళ్ళకు మొదటినుంచి నేర్పే బ్యాలే తరగతి ఏదన్నా ఉంటే చేరమన్నది. నేను గట్టిగా నవ్వాను. ఆమెకు నవ్వు ఎందుకో అర్థం కాలేదు.

మేముండే వీధికి దగ్గర్లో ఒక సంఘం హాలు. మేడమీద గది, చెక్క నేల, ఒక మూల పాత పియానో. వారానికోసారి, తొమ్మిది పౌండ్లు. శనాదివారాలు ఒక హోటల్లో గిన్నెలు కడిగి సంపాదించుకున్న దాంట్లోంచి కట్టాను. ఆటకు చెప్పులు కావాలన్నారు. కొట్టుకు పోతే అమ్మాయి పల్చటి తోలు చెప్పుల జత తెచ్చి నా ముందు పెట్టింది. గులాబీ రంగు. "ఇది ఒంటిరంగు" అన్నది. ఎవరి ఒంటిరంగు తల్లీ? నా కాలు పక్కన పెట్టి చూపించాను. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. నలుపు కూడా ఉందని చెప్పి వెతికి తెచ్చింది.

చెప్పు చేతిలోకి తీసుకోగానే నేను చేసిన మొదటి పని వాసన చూడటం. మందుల వాసన వెనకాల తోలు వాసన అట్టాగే ఉంది. అంత మెత్తటి తోలును నేను అంతకుముందు పట్టుకోలేదు. అట్ట రెండు ముక్కలు, మడమ కింద ఒకటి, వేళ్ళ కింద ఒకటి. మధ్యలో అట్ట లేదు, పాదం వంగటం కోసం. వేళ్ళ దగ్గర తోలును సన్న మడతలు వేసి లోపలికి కుట్టారు. ఆ రాత్రి వీడియోలో నాయనకు చూపించాను. "వెనక్కి తిప్పు" అన్నాడు. తిప్పాను. "మడతలు బాగా వేశాడు. మడమ కాడ కుట్టు ఎడంగా ఉంది, నిలవదు. ఎంత?" పద్దెనిమిది పౌండ్లు, మన డబ్బుల్లో దాదాపు 1,650 అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మీ తాత ఉండుంటే ఆ వేళ్ళ కాడ మడత చూసి మురిసిపోయేవాడు."

రాజులు ఆడిన ఆటకు కూడా కాలికింద ఉన్నది తోలే. దాన్ని పదును చేసిన చేతులెవరివో ఆ దేశంలో కూడా ఎవరూ అడగరు.

మొదటిరోజు పద్నాలుగుమందిమి. ఉద్యోగం నుంచి దిగిపోయిన పోస్టుమ్యాన్ ఒకాయన, డెబ్బై దాటిన ఒక అవ్వ, ఘానా దేశం నుంచి వచ్చిన ఒక నర్సక్క, కాలేజీ పిల్లలు నలుగురైదుగురు. గోడపొడుగునా అద్దం. మా ఇంట్లో అద్దం అరచెయ్యంత. మొహం ఒక్కటే కనపడేది. తల నుంచి కాలిదాకా నన్ను నేను ఒక్కసారిగా చూసుకోవటం అలవాటు లేనిదాన్ని. ఇంకో గోడకు నడుమెత్తున కర్రకమ్మీ. దాన్ని చేత్తో పట్టుకుని నిలబడి సగం తరగతి అక్కడే చెయ్యాలి.

మాటలన్నీ ఫ్రెంచిలో ఉన్నాయి. వినగానే గుండె జారింది. తర్వాత అర్థాలు తెలుసుకుంటే నవ్వొచ్చింది. ప్లియే అంటే వంగింది. తాండ్యూ అంటే సాగదీసింది. రెలెవే అంటే పైకి లేపింది. సోతే అంటే ఎగిరింది. మా తాత తోలు గురించి చెప్పిన మాటలే కదా ఇవి! పేర్లు దర్బారువి, పనులు మావి.

పనులు మావైనా నాకు చేతకాలేదు. పాదాలు రెండూ పక్కలకు తెరవమంటారు. నేను మోకాళ్ళ దగ్గర తిప్పి తెరిచాను. పంతులమ్మ వచ్చి నా తుంటిమీద చెయ్యిపెట్టి, "ఇక్కడి నుంచి తిప్పు. ఇక్కడి నుంచి ఎంత వస్తే అంతే చాలు. మోకాలితో దొంగలెక్క చెయ్యొద్దు, మోకాలు తర్వాత వడ్డీతో వసూలు చేస్తుంది" అన్నది. ఎగరబోయే ముందు వంగాలి. దిగేటప్పుడు ముందు మునివేళ్ళు, తర్వాత పాదం, చివరికి మడమ. మడమ ఆనేసరికి మోకాలు వంగి ఉండాలి. ఆ మోకాలు కాలి రెండో వేలికి సూటిగా ఉండాలి, లోపలికి పడకూడదు. చెప్తే ఒక నిమిషం. నా ఒంటికి ఎక్కటానికి మూడు నెలలు పట్టింది. దళానికి నాయకురాలిని, వేలమంది ముందు ఆడినదాన్ని, డెబ్బైయేళ్ళ అవ్వ పక్కన నిలబడి వంగటం, లేవటం నేర్చుకున్నాను. సిగ్గుగా ఉండేది. కానీ ఆ సిగ్గులో అవమానం లేదు. ఈ రెంటికీ తేడా ఉందని నాకు అక్కడే తెలిసింది. రానిది నేర్చుకునేటప్పుడు వచ్చే సిగ్గు వేరు, నీకు రాదులే పొమ్మన్నప్పుడు వచ్చే అవమానం వేరు. ఏడో తరగతిలో నాకు దక్కకుండా పోయింది అడవులూ ముద్రలూ కాదు. తప్పు చేసే హక్కు. తప్పు చేస్తే ఇంకొకరు వచ్చి దిద్దే హక్కు.

ఐదో వారమో ఆరో వారమో, పంతులమ్మ నా వెనకాల నిలబడి, "మెడ ఎందుకట్లా ముందుకు వాల్చావు?" అని అడిగింది. మా ఆటలో వొంగి ఆడతామని చెప్పాను. చూపించమన్నది. డప్పు లేదు, నోటితో దరువేసుకుంటా ఆడి చూపించాను. తరగతంతా ఆగి చూసింది. అయిపోయాక ఆమె చెప్పిన మాట నేను బతికున్నంత కాలం మర్చిపోను. "ఈ వంగటంలో తప్పులేదు. ఇది తుంటి దగ్గర నుంచి వస్తున్నది, నీ వెన్ను పొడుగ్గా ఉంది, చూపు ముందుకుంది. ఆడేటప్పుడు నీ మెడ బాగానే ఉంది. ఆట మొదలుకాక ముందు, ఉత్తగా నిలబడ్డప్పుడు నీ మెడ కిందికి పోతున్నది. అది మీ ఆటలోది కాదు."

ఆమెకు మా ఊరు తెలియదు. ఆ వీధి తెలియదు. మా అవ్వ చెయ్యి తెలియదు. ఉత్త కంటితో చూసి, నా ఒంట్లో రెండు వంపులున్నాయని కనిపెట్టింది. ఒకటి డప్పు నేర్పింది. ఇంకోటి ఊరు నేర్పింది. నేను ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాను. ఒక్కోసారి మన ఆటలో వంగటం కూడా బానిసతనమేనేమోనని మీటింగుల్లో వాదించాను కూడా. కాదు. డప్పు కోసం వంగిన వెన్ను వంచిన విల్లు లాంటిది, లేవటానికే వంగుద్ది. ఊరు వంచిన మెడ ఎండిన తోలు లాంటిది, వంచినచోటే బిగుసుకుపోయింది. ఆ రోజు గదికి పోయి అద్దం ముందు నిలబడి చాలాసేపు ఏడ్చాను. అవ్వ మీద కోపం రాలేదు. పాపం ఆమె తన చేతిలో ఉన్న ఒకే ఒక్క రక్షణ నాకిచ్చింది.

ఈ సంగతి ఫోనులో చెప్తే ఉద్యమంలో మా అన్న ఒకాయన మండిపడ్డాడు. "దొరల ఆట నేర్చుకుని దళానికి ఏం తెస్తావు? పల్లె ఆటలో తెల్లోళ్ళ వ్యాకరణం కలుపుతావా?" ఆయన భయం నాకు అర్థమైంది. మన పాటను తీసుకుని సినిమావాళ్ళు ఏం చేశారో చూశాం కదా. అయినా నేను ఒక్కటే అడిగాను. "అన్నా, అంబేద్కర్ 1916లో ఈ ఊరొచ్చి చదువు మొదలుపెట్టాడు. మధ్యలో ఆపేసి పోవాల్సొస్తే 1920లో మళ్ళీ వచ్చి, 1923లో డాక్టరేటు తీసుకున్నాడు. ఆ అర్థశాస్త్రం దొరలదే, ఆ బారిస్టరు చదువు దొరలదే. ఆయన నేర్చుకుని ఎవరికి వాడాడు?" అన్న మాట్లాడలేదు. కింగ్ హెన్రీస్ రోడ్డులో 1921-22లో ఆయన ఉన్న ఇల్లు చూసొచ్చిన ఆదివారమే ఈ మాటలు జరిగాయి. ఆ ఇంటి మెట్లు నేను మోకాలు నొప్పి లేకుండా ఎక్కాను.

బ్యాలేను నేను ఆకాశానికెత్తటం లేదు. దానికీ వర్ణాలున్నాయి. నర్సక్క చెప్పింది, నల్లపిల్లలు తరతరాలుగా గులాబీ చెప్పులకు మొహానికి పూసే రంగు తెచ్చి పూసుకుంటున్నారని. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన మరుసటేడు, 1969లో, ఆర్థర్ మిచెల్ అనే నల్ల నర్తకుడు న్యూయార్కు హార్లెంలో నల్లవాళ్ళ బ్యాలే సంస్థ పెట్టాడు. లండన్‌లో బ్యాలే బ్లాక్ సంస్థ 2001లో మొదలైంది. మునివేళ్ళ మీద నిలబడే గట్టి చెప్పులను ఇంగ్లండులో పేరున్న ఫ్రీడ్ కంపెనీ బ్యాలే బ్లాక్‌తో కలిసి గోధుమ రంగుల్లో తయారుచేసింది 2018లో. నేను లండన్‌లో దిగిన సంవత్సరమే. ఇన్ని వందల ఏళ్ళ ఆటలో నల్లకాలి రంగు చెప్పు రావటానికి అంతకాలం పట్టింది. "మేం బయట నిలబడి అది మాది కాదనలేదు. లోపలికి పోయి మా రంగు అడిగాం" అన్నది నర్సక్క.

అక్కడ కులం లేదని కూడా అనుకోవద్దు. మా ఇంట్లో అద్దెకున్న తెలుగు పిల్లలు మొదటి వారంలోనే ఇంటిపేరు అడిగారు, ఊరడిగారు, చివరికి ఊళ్ళో ఏ పక్కన అనడిగారు. చెప్పాను. మరుసటి రోజు నుంచి వంటగిన్నెలు వేరయ్యాయి. కులవివక్షను చట్టంలో ప్రత్యేకంగా చేరుస్తామన్న బ్రిటన్ ప్రభుత్వం 2018 జులైలో అక్కర్లేదని వెనక్కి తగ్గింది. ఆ మేడమీద గదిలో మాత్రం వారానికి గంటన్నర, మోకాలు ఎటు పడుతున్నదని తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

తరగతి చివర ఒక ఆచారం ఉంటుంది. రెవెరాన్స్ అంటారు. అందరూ వరసగా నిలబడి పంతులమ్మకు, పియానో వాయించే ఆయనకు వంగి నమస్కారం చెయ్యాలి. రాజుగారి కొలువు నుంచి వచ్చిన అలవాటు. మొదటిరోజు నేను వంగలేదు. కొయ్యలాగా నిలబడ్డాను. మా తాత భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని వంగటం నా కళ్ళముందు ఆడింది. ఎవరూ ఏమనలేదు. కొన్ని వారాలు అట్టాగే నిలబడ్డాను. నిలబడ్డాను కాబట్టే చూశాను, మేం వంగాక పంతులమ్మ కూడా మాకు వంగుతున్నది. అంతే కిందికి, అంతే సేపు. వంగినవాళ్ళకు ఎదురు వంగే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆఖరి తరగతిలో నేను వంగాను. తుంటి దగ్గర నుంచి, వెన్ను పొడుగ్గా, చూపు ముందుకు.

2019 చివర్లో తిరిగొచ్చాను. ఇప్పటికీ నాకు బ్యాలే రాదు. మునివేళ్ళ మీద తిరగలేను, కాలు నడుం దాటి లేపలేను. నేను తెచ్చుకున్నది ఆట కాదు, ఆటకు ముందుండే పని. వంగి ఎగరటం, వంగి దిగటం, మోకాలును రెండో వేలికి సూటిగా పెట్టటం, ఉత్తగా నిలబడ్డప్పుడు మెడ నిలబెట్టటం. దళంలో పిల్లలకు ఇవి నేర్పుదామంటే పట్టుకోవటానికి కమ్మీ కావాలి. మా పల్లెలో నడుమెత్తు కమ్మీ ఒక్కచోటే ఉంది. అంబేద్కర్ విగ్రహం చుట్టూ. ఒకసారి రాత్రిపూట ఎవరో విగ్రహానికి చెప్పులదండ వేస్తే, చందాలేసుకుని ఇనపకమ్మీలు పెట్టించాం.

పెద్దలు కొందరు ఒప్పుకోలేదు. ఆయన ముందు ఎగురుళ్ళేంది, కమ్మీలు పట్టుకుని కాళ్ళాడించటమేంది అన్నారు. నాయన లేచి, "ఆయన్ను కాపాడటానికి కదా కమ్మీ పెట్టాం. దాన్ని పట్టుకుని పిల్లలు మోకాళ్ళు కాపాడుకుంటామంటే ఆయన కాదంటాడా?" అన్నాడు. అంతటితో మాట తెగింది. పొద్దున్నే ఆరింటికి పదకొండుమంది పిల్లలు, కమ్మీ చుట్టూ గుండ్రంగా. వంగు, లెయ్యి, సాగదియ్యి, ఎగురు, దిగు. ఫ్రెంచి మాటలు నేను చెప్పను. సిమెంటు స్టేజీ ఎక్కే ముందు కింద గోనెపట్టాలో పాత కార్పెట్టో పరచమని పిలిచినవాళ్ళను ఇప్పుడు అడుగుతున్నాం. పరవకపోతే నిలబడి కొడతాం, ఎగరం. ఆ మాట నిలబడి అడగటం కూడా నేర్చుకోవాల్సిందే. ఆట మానేసిన చెల్లెలు ఎగరలేదు గానీ పిల్లల మోకాళ్ళు చూసి దిద్దేది ఇప్పుడు ఆమే.

తరగతి అయిపోయాక మేం ఎవరికీ వంగం. నేను పిల్లలకు జై భీమ్ చెప్తాను, పిల్లలు నాకు జై భీమ్ చెప్తారు.

నాయన రోజూ వచ్చి అరుగుమీద కూచుని చూస్తాడు. ఆయనకు డెబ్బై దాటాయి. దండోరాలో ఆ వీధి మధ్యన ఎగిరిన మనిషికి కూడా ఉత్తగా నిలబడితే మెడ ముందుకు వాలుద్ది. ఒకరోజు దళంలో చిన్నపిల్ల, ఐదో తరగతి చదివేది, పోయి ఆయన వెనకాల నిలబడి, "తాతా, మెడ" అన్నది. నాయన నవ్వి, "నాది ఎండిన తోలమ్మే, ఇంకేం లేస్తది" అన్నాడు. ఆ పిల్ల వినలేదు. రెండు చేతులూ ఆయన గడ్డం కింద పెట్టి పైకి లేపింది.

మా అవ్వ చెయ్యి తలమీద నుంచి కిందికి నొక్కేది. ఈ పిల్ల చెయ్యి కింద నుంచి పైకి లేపుతున్నది. నాయన ఆ చేతుల్లో తల అట్టాగే పెట్టి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత లేచి వచ్చి కమ్మీ పట్టుకున్నాడు.